విజయ రాసిన లాభం

దెయ్యాలను నేను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. చదివాక తాయెత్తు కట్టించుకోమనీ, ఫలానా ఆయన దగ్గరికి వెళ్ళమనీ నాకెవరూ సలహాలు ఇవ్వొద్దు. మా అత్తగారు ఇప్పటికే కావలసినన్ని ఇచ్చారు.

మాది రాజమండ్రి. నేనూ, నా స్నేహితురాలు విజయా కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రాశాం. ఫోన్‌లో మామూలుగా టైప్ చేసినదాన్ని అది వెబ్ పేజీగా మారుస్తుంది. వరుసల ముందు 1, 2 అని అంకెలు వేస్తే చాలు, శుభ్రమైన జాబితా తయారవుతుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు.

విజయది మండపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు విత్తనాల ధాన్యం కుంచంతో కొలిచి పంచుకుని, ఆ వివరాలు మా లైబ్రరీతో పేజీగా పెట్టుకునేవారు. కొలిచేటప్పుడు మనవాళ్ళు ‘ఒకటి’ అనరు కదా, ‘లాభం’ అని మొదలుపెట్టి తర్వాత రెండు, మూడు అంటారు. ఫోన్‌లోనూ అలాగే రాశారు. మా లైబ్రరీ అది అంకె కాదనుకుని మొదటి వరుసను జాబితాలోంచి బయటికి తోసేసింది. విజయ పిన్నిగారు ఫోన్ చేసి కడిగిపారేశారు.

“మా మొదటి కుంచం ఏమైందే? మీ మిషను మింగేసిందా ఏంటి?”

విజయ పడీపడీ నవ్వింది. ‘లాభం’ అని రాసినా మొదటి అంకెగా తీసుకునేలా కోడ్ రాయడం మొదలుపెట్టింది. అప్పటికే తనకు ఒంట్లో బాగాలేదు. ఆసుపత్రి మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని దాన్ని పూర్తిచేసింది. తను చేసిన ఆఖరి పని అదే.

తను పోయాక లైబ్రరీ పని చూసేవాళ్ళం ముగ్గురం మిగిలాం: నేను, మా ఊళ్ళోనే ఉండే రవిగారు, పాలకొల్లులో ఉండే రమణ. రవిగారు పనిమంతుడే గానీ మహా మొండి. “ఒక్క ఊరి కోసం ఇంత కోడ్ ఎందుకు మొయ్యాలండి పద్మగారూ, తీసేద్దాం” అన్నారు. నేను కుదరదన్నాను. రమణ ఆయనవైపు చేరాడు. వాళ్ళిద్దరు, నేనొక్కదాన్ని. విజయ గుర్తుగా మిగిలిన ఆ నాలుగు వరుసల కోడ్ కూడా ఉండనివ్వరా అని దెబ్బలాడాను, వినలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రవిగారింట్లో, ఆయన కంప్యూటర్ మీద, ఆయన చేతులతోనే ఆ కోడ్ తీసేశారు. నేను కీబోర్డ్ ముట్టుకోలేదు. వాళ్ళావిడ కూడా అక్కడే కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. సరిచూడ్డానికి ఆయన 1 బియ్యం, 2 పప్పు అని టైప్ చేసి పేజీ తెరిచారు.

పేజీలో బియ్యం ముందు 1 లేదు. ‘లాభం’ అని ఉంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. విజయ కోడ్ ఎప్పుడూ 1ని లాభంగా మార్చలేదు. మనం లాభం అని రాస్తేనే అలా చూపించేది. అంటే తీసేసిన కోడ్ ఎక్కడో మిగిలిపోయిందనుకున్నా ఇలా రాకూడదు. రవిగారు ఫైళ్ళన్నీ వెతికారు. ఆ మాట ఎక్కడా లేదు. కంప్యూటర్‌లో ఉన్నవన్నీ తుడిచేసి, నెట్‌లోంచి కొత్తగా తెచ్చుకుని మళ్ళీ చేశారు. మళ్ళీ లాభమే.

“మీరే ఏదో చేసుంటారండి” అన్నారు నావైపు తిరిగి.

నాకు ఒళ్ళు మండిపోయింది. “అయితే కోడ్ మార్చడానికి నాకున్న అనుమతులన్నీ తీసెయ్యండి. రమణగారిని వాళ్ళింట్లో చూడమనండి” అన్నాను. తీసేశారు. రమణకి ఫోన్ చేశారు. రమణ పాలకొల్లులో తన కంప్యూటర్ మీద వేరే మాటలతో చేసి చూశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాడు. తర్వాత, “ఇక్కడా లాభమే అంటోందండి” అన్నాడు.

నాకు భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. వాళ్ళ ముందు ఏడవకూడదని కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.

రవిగారు కుర్చీ నావైపు తిప్పి, “అనుమతులు తిరిగి ఇచ్చేస్తానండి. మీ చేత్తోనే మళ్ళీ పెట్టెయ్యండి” అన్నారు.

“తీసింది మీరు. మీరే పెట్టండి” అన్నాను.

పెట్టారు. అప్పటినుంచి 1 అని రాస్తే 1, లాభం అని రాస్తే లాభం. మళ్ళీ ఎప్పుడూ తేడా రాలేదు. కోడ్ అందరికీ తెరిచే ఉంది. నాకంటే తెలివైనవాళ్ళకు చూపించాను. ఒక్కరూ కారణం చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

దెయ్యం అని మాత్రం నాతో అనిపించలేరు. ఇంకెవరైనా దాన్ని తీసేద్దామని వస్తే ముందు నా దగ్గరికి రావాలి. ఈసారి విజయ దాకా వెళ్ళనివ్వను, నేను చాలు.