మిగిలిన సీల్ ముద్ద

మొన్న జగిత్యాలలో మా ఇంటి వాషింగ్ మిషన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, పని అయ్యాక బిల్లును ఫోన్‌కు పంపాడు. కూలి ఒక వరుస, పైపు ఒక వరుస, వాటి కింద "ఇతర సామగ్రి" అని ఇంకొకటి. ఆ ఇతర సామగ్రి అంటే రెండు వేళ్ల పొడవు తెల్ల టేపు. మా ఇంటావిడ కొంగు బిగించింది. నేను మాత్రం, "పైసలిస్తం తమ్మీ. కని చుట్ట మొత్తానికి రేటు కట్టినవ్, మిగిలిన టేపు ఇచ్చి పో. దండెం కట్టుకుంటం" అన్నాను. అతను నవ్వేసి ఆ వరుస కొట్టేశాడు. "అంకుల్, మీరు గూడ గీ పనేనా?" అని అడిగాడు. గీ పనే. పైపు రెంచీ పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులివి.

ఏడో తరగతితో బడి పీడ నాకు, నా పీడ బడికి వదిలాయి. పెద్దయ్యాక, ఏ పనీ కుదరక, కోరుట్లలో మా అక్క మొగుడి దగ్గర నల్లాల, పైపుల పని నేర్చుకున్నాను. బావది ఒక వింత పద్ధతి. వాషర్లు, దారం, టేపు, ఇవన్నీ ఆయన కూలిలోనే కలిసిపోయేవి, విడిగా పైసా అడిగేవాడు కాదు. పగుళ్లు పూడ్చే సీల్‌కు మాత్రం ప్యాకెట్ మొత్తం ధర తీసుకునేవాడు. అది రెండు రంగుల ముద్దలుగా వస్తుంది. రెండూ కలిపి పిసికితే గంటలో రాయవుతుంది, ఇంకో ఇంటికి దాచుకునే వీలు లేదు. పైపు పగులుకు పావు ముద్ద చాలు. ధర మొత్తం తీసుకున్నాం కాబట్టి మిగిలిన ముప్పావు కూడా ఆ ఇంటివాళ్లదే అని బావ న్యాయం. అందుకే ముద్ద అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. కారే బకెట్, ఊగే తలుపు గడియ, ఊడిన గిన్నె పిడి, ఏది దొరికితే దానికి పెట్టి, ముద్ద అయిపోయాకే చెప్పులు తొడిగేవాడు. "ఆళ్ల పైసలు మన చేతికి అంటుకొని రావద్దురా" అనేవాడు. ఒక ఇంట్లో అతికించడానికి ఏమీ దొరకక, పాపం, గోడకున్న మేకు తనే పీకి, ఆ బొక్క పూడ్చి వచ్చాడు.

నేను ఒక్కడినే చేసిన మొదటి పని సిరిసిల్లలో, బావ పాత గిరాకీ ఇంట్లో. వాళ్లకు రెండు సాంచాలున్నాయి. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. నేను వెళ్లేసరికి ఇంటాయన బజారుకు పోయాడు, కరెంటు లేక సాంచాలు ఆగి ఉన్నాయి. ట్యాంకు కింది పైపు అతికించి, ఆయన భార్య దగ్గర పైసలు తీసుకుని, మిగిలిన ముద్దతో వేట మొదలుపెట్టాను. ఆ చిన్నమ్మ ఇంటిని అద్దంలా పెట్టుకునే మనిషి. విరిగింది, పగిలింది ఒక్కటీ లేదు. చివరికి ఒక సాంచా పక్కన, ఇరుసు తిరిగే చోట, చిన్న బొక్క, దాని కింద నూనె చార కనిపించాయి. నల్లాల పనివాడికి కారేదల్లా లీకే. నిండా కూరి, బొటనవేలితో నున్నగా రుద్ది, గర్వంగా బస్సెక్కాను.

వేములవాడ చేరేసరికి ఆగలేక బావకు ఫోన్ చేశాను.

"సాంచా లీకు గూడ బంద్ చేసిన బావా!"

"సాంచాకు లీకేందిరా? ఏడ?"

"పక్కకు చిన్న బొక్క ఉండె. నూనె కారుతున్నది."

"నీ మొకం మన్నువడ! గది నూనె పోసే బొక్కరా! నూనె లేకుంట నడిస్తే కాలిపోతది. ఆళ్ల తిండంత గా సాంచాల మీదనే ఉన్నది. దిగు, ఉరుకు!"

ఆ ఇంటి ఫోన్ నంబరు ఇద్దరి దగ్గరా లేదు. ఆటో మాట్లాడుకున్నాను. ఆ రోజు కూలి దాదాపు అంతా దానికే సరి. బొటనవేలి గోటి పక్కన కాస్త సీల్ అంటుకుని ఉంది. దారి పొడవునా దాన్ని గిచ్చుతూ కూర్చున్నాను. సిరిసిల్ల మొదట్లో మెత్తగానే ఉంది. వాళ్ల వాడ మలుపు దగ్గర గోరు దిగలేదు. అప్పుడే చెవిన పడింది: కరెంటు వచ్చింది, వాడంతా సాంచాల టకటక.

లోపలికి పరుగెత్తాను. రెండు సాంచాలూ నడుస్తున్నాయి. పక్కన స్టూలు మీద ఇంటాయన, చేతిలో నూనె డబ్బా.

"అచ్చినవా ఇంజనీర్ సాబ్!" అన్నాడు.

"కాకా, గా బొక్క..."

"నూనె పొయ్యకుంట సాంచా షురూ చేస్తననుకున్నవా? ముప్పయ్యేండ్ల సంది నడుపుతున్న. వేలు పెట్టంగనే మెత్తగ తాకింది. సైకిల్ పుల్లతోని తీసిన."

గడప మీద కూలబడి, ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేశాను. చిన్నమ్మ చెంబెడు నీళ్లు ఇచ్చింది. తీసిన ముద్ద ఏం చేశారని అడిగితే బియ్యం డబ్బా చూపించింది. మూతకు కొత్తగా పిడి మొలిచింది. "పైసలిచ్చి కొన్నది పారేస్తమా?" అంది.

"అది సరేగని," అన్నాడు కాక, "పెట్టినందుకు నువ్వు తీసుకున్నవ్. తీసినందుకు నాకెవలిస్తరు?"

ఆటోకు పోగా మిగిలిన చిల్లరతో ముగ్గురికీ చాయ్ తెచ్చాను. ఆయన తాగి, చక్కెర తక్కువైందని కూడా అన్నాడు. అంత తియ్యటి తిట్టు నేను మళ్లీ తినలేదు.

ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూస్తే, నేను వేళకు చేరిన చోట్లు తక్కువే. నేను చేరేలోపే, నా తప్పు ఇంకా మెత్తగా ఉండగానే, ఎవరో ఒకరు తీసిపెట్టిన రోజులే ఎక్కువ.