మామగారి నడుమెత్తు గట్టు

మా అత్తగారు లేచినప్పుడల్లా ఆవిడ మోకాళ్ళు చేసే చప్పుడు జహీరాబాద్ స్టేషన్లో గూడ్సుబండి కదిలే చప్పుడుకు ఏమాత్రం తీసిపోయేది కాదు. నేలమీది పొయ్యి ముందు కూర్చోవాలి, ఉప్పుకోసం లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నేను కోడలిగా వెళ్ళేసరికి ఆవిడకు ఒక్కటే కోరిక: నిలబడి వండుకోవాలి. చిరాగ్‌పల్లిలో చుట్టాల వంటింట్లో రాతిగట్టు, దానిమీద కిరసనాయిలు స్టవ్వు చూసొచ్చినప్పటినుంచి ఆవిడకు వేరే ధ్యాస లేదు.

మామగారు సరేనన్నారు. గంజిలో, అంటే ధాన్యం బజారులో, కొట్టు ఆయనది. కందిగింజను కొరికి చూడనిదే కొనరు. రాయిని కొరకలేరు కాబట్టి అరుగుమీద రాళ్ళముక్కలు పరిచి, మరక పడుతుందేమో చూడ్డానికి పులుసూ నూనే పోశారు. ఆ రోజుల్లో మా ఇంట్లో మనుషులకంటే రాళ్ళే ఎక్కువ చింతపండు తిన్నాయి. షాబాద్ బండ నునుపు చూసి నేను మనసు పారేసుకున్నాను గాని, తెల్లారేసరికి పులుసు పడ్డచోటల్లా సున్నం పూసినట్టు తెల్లబడింది. ఎర్రరాయి, పోసిన నూనెనంతా గుటకవేసి ఇంకా కావాలన్నట్టు చూసింది. విసుర్రాళ్ళు చేసే నల్లరాయి ఒక్కటే దేనికీ చలించలేదు.

అత్తగారు నా చెవిలో అంది: "నన్ను చూడనీకి వచ్చినప్పుడు ఒక్కపారి తలెత్తిండు, లడ్డూ తిన్నడు, పోయిండు. గీ రాళ్ళకు చూడు, ఎంత మర్యాదనో!"

రాయికోడ్ దిక్కునుంచి నల్లబండ ఎడ్లబండిమీద వచ్చింది. దించడానికి సగం గంజి వచ్చింది. ఎట్లా దించాలో చెప్పడానికి మిగతా సగం వచ్చింది.

బయటి మగవాళ్ళు లోపలికొస్తే ఆడవాళ్ళం వెనకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకోవడం ఆ ఇంటి పద్ధతి. సందులోంచి మేస్త్రీ గొంతు వినపడింది.

"ఎంత ఎత్తు పెట్టాలె సేటూ?"

"నడుమంత పెట్టు."

"ఎవరి నడుమంత?"

"గిదేం సవాలయ్యా! ఎదురుంగ నిలవడ్డ కద, చూసి పెట్టు."

మామగారు ఏ గుమ్మమైనా ఒంగే దాటాలి. అత్తగారి తల ఆయన చొక్కా జేబు దగ్గరే ఆగిపోతుంది. ఆవిడ నోరు తెరిచింది. బయట మేస్త్రీ ఉన్నాడని మూసుకుంది. "ఆయనకు తెల్వదా తియ్యి," అంది నాతో.

గట్టు ఆవిడ ఛాతీదాకా వచ్చింది. దానిమీద స్టవ్వు, స్టవ్వుమీద గిన్నె.

"ఏమయ్యా, నేను పప్పు వండాల్నా, జెండా ఎగరెయ్యాల్నా?"

మామగారు పీట తెచ్చి వేశారు. పీట ఎక్కడానికీ ఆ మోకాళ్ళే కావాలి కదా! రెండుసార్లు తూలి, ఆవిడ పీటను గోడకు చేరేసింది.

మేస్త్రీని మళ్ళీ పిలిపించారు. సుత్తి పిడి విరిగింది, గోడకు గజం పొడుగు నెర్ర వచ్చింది, బండ మాత్రం కదల్లేదు.

"మీరే పక్కాగ కూసోవెట్టమన్నరు సేటూ. ఇగ గోడ వస్తది గని బండ రాదు."

మామగారు బండను అరచేత్తో తట్టి చూశారు. "జర ఖరాబు రాయి తెచ్చినా బాగుండు," అన్నారు. రాళ్ళ గురించి ఆయన నోట నేను విన్న ఆఖరిమాట అదే.

ఆ గట్టు నాకు కొలిచి కట్టినట్టు సరిపోయింది. పొడుగుపిల్లని తెచ్చారని పెళ్ళిలో వెక్కిరించినవాళ్ళే మెచ్చుకున్నారు. నేను నిలబడి వండేదాన్ని. అత్తగారు కింద గోడకు ఆనుకుని కూర ఏరుతూ, "ఉడికిందానే? రంగెట్లున్నది?" అని అడిగేది. గరిటెతో కాస్త తీసి, ఒంగి చూపించేదాన్ని. తన వంటింట్లో కూర రంగు కోసం ఆవిడ నన్ను అడగాల్సి వచ్చింది, పోయేదాకా.

ఇన్నేళ్ళకూ ఆ బండమీద ఒక్క మచ్చ పడలేదు. పప్పు ఉడికితే ఇప్పటికీ గరిటె కిందికి వంచబోతాను.