గ్లాసులో నీళ్లు కదలలేదు

ఆ ఆదివారం ఉదయం ఏడుంబావుకు మంచం మీద ఎడమవైపు తిరిగాను. నేల ఒక్కసారిగా పక్కకు జారింది. "భూకంపం!" అని అరుస్తూ గోడ పట్టుకుని బయటికి వచ్చాను. రాయపూర్‌లో మా రైల్వే కాలనీలో ఇంకెవరూ బయటికి రాలేదు. పాలవాడు సైకిల్ మీద మామూలుగా వెళ్తున్నాడు. మాతోనే ఉండే వదిన, మావారి అక్క, ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"చూడే ఒలే. నీళ్లు కదిల్తే భూమి. కదల్లేదంటే నువ్వే."

నీళ్లు కదలలేదు.

అప్పటికి మావారు పోయి నెల కాలేదు. కొండల్లోకి యాత్రకు వెళ్లినప్పుడు ఒక ఉదయం నిజంగానే భూమి కదిలింది. సత్రం కూలలేదు. అందరం బయటికి వచ్చి ముందున్న ఖాళీ స్థలంలో నిలబడ్డాం. మైదానంలో పెరిగినవాళ్లకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. వెనక నిటారుగా కొండ ఉంది. ఆ ఊరివాళ్లు పిల్లల్ని ఎత్తుకుని దూరంగా నడుస్తున్నారు. ఇళ్లు చూసుకోవడానికి వెళ్తున్నారనుకున్నాం. "గండం గడిచింది" అన్నారు మావారు. కాసేపటికి భూమి మళ్లీ కదిలింది, ఈసారి కొద్దిగానే. కొండ పైభాగం విడిపోయి కిందికి వచ్చింది. ఒక రాయి నా తలకు తగిలింది. ఆయన మీద పడినవి పెద్దవి.

తరువాత పుస్తకాలు చదివాను. కొండరాతిలో ముందే పగుళ్లుంటాయి. భూమి కుదిపితే అవి వదులవుతాయి. శిఖరాల దగ్గర ఊపు తరచుగా ఎక్కువ. కొన్ని రాళ్లు వెంటనే పడతాయి. కొన్ని ఆగి, మరో చిన్న కుదుపుకో వానకో పడతాయి. పెద్ద భాగం ఊడితే ముక్కలై ఏరులా చాలా దూరం పారుతుంది.

తల మీద కుట్లు మానాయి. నేల జారడం మానలేదు. మొదట చూసిన డాక్టరు "షాక్" అని నిద్రమాత్రలు రాశారు. సీటీ స్కాన్ నార్మల్. నేను పాఠాలు చెప్పే బళ్లో బోర్డు పైవరుసలో రాయడానికి తలెత్తితే బల్ల పట్టుకోవలసి వచ్చేది. కొన్నాళ్లు సెలవు పెట్టమని హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా చెప్పారు. నా మనసు చెదిరిందని చుట్టాలన్నారు. నేనూ నమ్మడం మొదలుపెట్టాను. బడి కూడా పోతే రోజంతా ఏం చేయాలో నాకు తెలియదు.

చివరికి చెవి, ముక్కు, గొంతు చూసే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు.

"తల తిరుగుతుంటే చెవేటి చూస్తారే?" అంది వదిన.

ఆ డాక్టరు, "తలకెప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని హిందీలో అడిగారు. కళ్లు తిరగడానికి ఆ దెబ్బ కారణం కావచ్చని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. నా తల ఎడమకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు. గది గిర్రున తిరిగింది. ఆయన అదురుతున్న నా కళ్లలోకి చూసి, "నిస్టాగ్మస్! మిల్ గయా" అన్నారు, పోయిన వస్తువు దొరికినంత సంతోషంగా.

"దీన్ని బీపీపీవీ అంటారు. లోపలి చెవిలో సన్నటి సున్నపు రేణువులుంటాయి. దెబ్బకు ఊడి, ఉండకూడని గొట్టంలోకి జారాయి."

"కొండలాగానా?" అన్నాను.

"అలాగే అనుకోండి. కానీ కొండను మళ్లీ పైకి పెట్టలేం. వీటిని పెట్టగలం."

"బుర్ర బాగానే ఉందా అడగవే" అంది వదిన. అడిగాను.

"బిల్కుల్ ఠీక్."

"పోన్లే. ముందెంతుందో ఇప్పుడూ అంతే ఉందన్నమాట."

మావారు పోయాక మేమిద్దరం నవ్వడం అదే మొదటిసారి.

డాక్టరు నా తలను ఒక్కో పక్కకు తిప్పి, ఆపి, లేపి కూర్చోబెట్టారు. ఎప్లీ మనూవర్ అంటారట. రెండుసార్లతో తగ్గింది. వానాకాలంలో మళ్లీ వచ్చింది. "వస్తే రేణువుల్ని మళ్లీ వెనక్కి పంపేద్దాం" అన్నారాయన. పంపారు. భయం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. వదిన రోజూ నా మంచం పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టేది. లేవగానే వాటినే చూసేదాన్ని. ఎప్పుడైనా నీళ్లు వణికితే వంటింట్లోంచే కేక వేసేది: "గూడ్సు బండే! నువ్వూ కాదు, భూమీ కాదు."

ఇప్పుడు బడికి వెళ్తున్నాను. బోర్డు పైవరుస నుంచే రాస్తున్నాను. భూకంపాల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతాను. కొండల్లో భూమి కదిలితే ఇంట్లోంచి బయటపడి అక్కడే ఆగకండి. నిటారు వాలు కింద, వాగు దారిలో నిలబడకండి. దూరంగా వెళ్లండి. అంతా ఆగిందనుకుని సామాన్ల కోసం వెనక్కి రాకండి.

ఎడమవైపు తిరిగే పడుకుంటున్నాను. మంచం పక్కన నీళ్ల గ్లాసు పెట్టుకోవడం లేదు.