చెరిపేసిన సిరాచుక్క

1989 డిసెంబరు. సూర్యాపేట బస్టాండు దగ్గర మా మేనమామ ఫోటో స్టూడియోలో నేను పనికి కుదిరి అప్పటికి ఏడాది. నా చోటు పరదా వెనక. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బిడియపడే నాకు రీటచింగ్ పని హాయిగా ఉండేది. మనిషి మీది నల్లమచ్చ నెగటివ్‌లో తెల్లటి ఖాళీలా కనిపిస్తుంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దాన్ని నింపితే ప్రింటులో మాయమవుతుంది. అలా ఎన్ని మొటిమలు, ఎన్ని గాట్లు పూడ్చానో.

ఆ రోజు పరదా అవతల ఎవరో అడుగుతున్నారు.

"నా బిడ్డ ఏలు మీద సుక్క ఏది సారూ? గా సుక్క కోసమే గద పటం దీయించిన."

ఆయన చివ్వెంల దగ్గరి తండా నుంచి వచ్చిన రూప్లా. పద్దెనిమిదేళ్లవాళ్లకు ఓటొచ్చాక జరిగిన మొదటి దేశ ఎన్నికలు అంతకు ముందు నెలలోనే అయ్యాయి. కోదాడ హాస్టల్లో ఇంటర్ చదివే కూతురు జమున వచ్చి ఓటేసింది. తండ్రి ఎప్పుడూ వేలిముద్ర వేసే చోట ఆమె సంతకం చేసింది. ఆయన బూత్ నుంచి నేరుగా స్టూడియోకు తీసుకొచ్చి, సిరాచుక్క కనబడేలా ఆమె ఎడమచేతిని పుస్తకం మీద తానే పెట్టాడట. ఆ సంగతి మామ నాకు చెప్పడం మరిచాడు. నేను మరకనుకుని పూడ్చేశాను.

"మా మేనకోడలు దేవుని పటానికి బొట్టున్నా తుడిచేస్తది" అని మామ నవ్వించబోయాడు. రూప్లా నవ్వలేదు. మిర్యాలగూడ మిల్లులో హమాలీ చేసే ఆయన అన్న, తన కూతురి చదువు ఏడో తరగతితో మాన్పించాడు. ఎండకాలంలో ఆ పిల్లకు పెళ్లట. ఆ అన్న దగ్గరికే పగటి బస్సుకు బయల్దేరాడు.

"నా బిడ్డ సదువుకొని ఓటేసిందని నోటితోని జెప్తె మా అన్న నమ్మడు. కండ్లతోని సూడాలె."

జమున తిరిగి కోదాడ వెళ్లిపోయింది. మళ్లీ తీద్దామన్నా మనిషి లేదు. నేను పరదా తొలగించుకుని బయటికొచ్చాను.

"నేనే చెరిపిన. జర కూసోండ్రి, తెచ్చిస్త."

దూదికి టర్పెంటైన్ అద్ది నెగటివ్ మీది పెన్సిల్ గీతలు తుడిచాను. గట్టిగా రుద్దితే పైపొర లేచి బొమ్మే పోతుంది. డార్క్‌రూమ్ ఎర్రదీపం కింద కొత్త ప్రింటు కాగితాన్ని డెవలపర్ ద్రావణంలో ముంచి ట్రేను మెల్లగా ఊపాను. ముందు పుస్తకం అంచు, తర్వాత వేళ్లు, చివరికి చూపుడువేలి మీద ఆ చుక్క. నాకు కేకపెట్టాలనిపించింది.

ఇంకా తడి ఆరని ఫోటోను న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఇచ్చాను. రూప్లా చుక్కను చూశాడు, స్టూడియోలో ఉన్న అందరికీ చూపించాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్ గూడ ఏసినవా బిడ్డా?"

నాకు పంతొమ్మిదేళ్లు, ఓటర్ల లిస్టులో పేరుంది. లైన్లో అందరూ చూస్తారని వెళ్లలేదు. తల అడ్డంగా ఊపి, చేతిని ఓణీ కింద దాచుకున్నాను.

"మల్లొస్తయి తియ్యి. గప్పుడు నువ్వు గూడ పటం దిగాలె" అంటూ బస్సు కోసం ఉరికాడు.

జూన్‌లో రూప్లా తన అన్నను, ఆ పిల్లను వెంటపెట్టుకుని వచ్చాడు. పెళ్లి ఆగింది, బడి దరఖాస్తుకు ఫోటో కావాలట. పిల్ల కనుబొమ్మ మీద గాటు ఉంది. నేను బయటికొచ్చి అడిగాను, ఉంచాలా తియ్యాలా అని.

"ఉండనియ్యి అక్కా, గది నాదే గద."

అప్పటి నుంచి మనిషిని అడగకుండా పెన్సిల్ పట్టలేదు. ఏది మచ్చో ఏది కాదో చెప్పాల్సింది నేను కాదు.

1991లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. బూత్ నుంచి స్టూడియోకు వచ్చి, ఎడమచెయ్యి ముందుకు పెట్టి, మామ కెమెరా ముందు నిలబడ్డాను. ఆ నెగటివ్‌కు పెన్సిల్ తాకించలేదు.