సూదిపిట్టల లెక్క

మునియాధార్ శిఖరం నుంచి దిగే కాలిబాటలో రెండో మలుపు తిరగ్గానే బచీ సింగ్ ఆగిపోయాడు. దారికి అడ్డంగా పశువుల మేతకు కోసిన బాంజ్ చెట్టు ఆకుల మోపు. పక్కన బండ మీద, ఒళ్లో కొడవలితో జసులీ.

ఐదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఊళ్లో ఎదురుపడితే ఆమె ముసుగు లాక్కుని గోడవైపు తిరిగేది. అతను తన బూట్లు చూసుకుంటూ దాటిపోయేవాడు. కానీ ఆ కొండల్లో ఒక కట్టుబాటుంది. కిందికి దించిన మోపును ఒంటరి ఆడమనిషి మళ్లీ తలకెత్తుకోలేదు. దారిన పోయేవాడు పగవాడైనా సరే ఒక చెయ్యి వెయ్యాల్సిందే.

"చాలాసేపయిందా?" అన్నాడు, మోపుతో మాట్లాడుతున్నట్టు.

"మీకోసమేం కూర్చోలేదు లెండి దాజ్యూ. కంచర గాడిదల వాళ్లెవరైనా వస్తారని చూస్తున్నా. నా అదృష్టానికి మీరొచ్చారు."

దాజ్యూ అంటే అన్నయ్య. పిలుపు పాతదే గానీ అందులో తీపి ఎప్పుడో ఇంకిపోయింది.

"కాస్త ఊపిరి తీసుకోనీ, ఎత్తుతా."

"తీసుకోండి. ఆలస్యమైతే నా బర్రె తిడుతుంది, అంతేగా."

బచీ సింగ్ బండ అంచున చతికిలబడ్డాడు. ఇరవయ్యారేళ్లుగా అతని పని వచ్చినవాళ్లకు పిట్టలను చూపించడం. కలకత్తా నుంచి, పూణే నుంచి, సముద్రాల అవతల నుంచి మూరెడేసి కెమెరాలతో వస్తారు. అతను ముందు నడుస్తూ, తల కొంచెం పక్కకు వంచి, "ఎడం పక్క పొద, మోకాలెత్తున" అనేవాడు. పిట్ట అక్కడే ఉండేది. రెక్కల రంగు చూసి పేరు చెప్పేవాళ్లంటే అతనికి చిన్నచూపు. ఎండ మారితే రంగు మారుతుంది, కూత మారదు అనేవాడు. జసులీ భర్త ఖీమ్ సింగ్‌కు పని నేర్పింది కూడా అలాగే. కళ్లకు తువ్వాలు కట్టి, అడవిలో కూర్చోబెట్టి, మూడేళ్లు.

ఏటా చైత్రంలో అతనే గోల్డ్‌క్రెస్ట్‌లను లెక్కపెట్టేవాడు. బొటనవేలంత పిట్ట, నడినెత్తిన పసుపు గీత. కూత సూదిమొనలా సన్నగా ఉంటుందని గడ్డి కోసే ఆడవాళ్లు దాన్ని సూదిపిట్ట అంటారు. శిఖరం మీద దేవదారుల కింద ఒకటే రాయి, అక్కడ కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఒక కూత వినపడితే ఒక బాంజ్ కాయ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారేది. మొదటి ఏడు నలభై ఒకటి. తర్వాత ముప్ఫై. తర్వాత పద్దెనిమిది. ఐదేళ్ల కిందట కుడి జేబు ఖాళీ.

సరిగ్గా ఆ ఏడే ఖీమ్ ఒక చిన్న స్పీకర్ కొన్నాడు. రికార్డు చేసిన కూత మోగిస్తే పిట్ట తనంతట తనే ఎదురొస్తుంది, గెస్టులు మురిసిపోతారు. అయితే గుడ్ల కాలంలో మోగించకూడదని గైడ్ల సంఘం మొదటి నియమం. పరాయి పిట్టొచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకు దిగుతుంది, గుడ్లు చల్లబడిపోతాయి. బడి ముందు ఖీమ్ మీద పంచాయతీ పెట్టారు. బచీ సింగ్ తన కుడి జేబు తిరగేసి అందరికీ చూపించాడు. ఇంకో సాక్ష్యం ఎవరూ అడగలేదు. "గుడ్ల కాలంలో నేనెప్పుడూ మోగించలేదు" అని ఖీమ్ ఒక్కసారే అన్నాడు, తల దించుకుని. అతని గైడు కార్డు లాగేసుకున్నారు. రుద్రపూర్‌లో ఫ్యాక్టరీ గేటు కాపలాకు పోయాడు. పోయిన మాఘంలో, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, తెల్లగుడ్డలో తిరిగొచ్చాడు.

"ఈ ఏడు ఎన్ని?" అంది జసులీ, కొడవలి అంచు బొటనవేలితో చూసుకుంటూ.

"ఒక్కటీ లేదు."

ఆమె పక్కున నవ్వింది. "మరి మన నెత్తి మీద చెవులు కోస్తున్నదేంటి?"

"అది కోకిల."

"కోకిల ఆ లోయలో. నేను చెప్పేది ఈ చెట్టు మీద. సూదిపిట్ట! కూర్చున్నప్పట్నుంచీ ఒకటే సొద. అదిగో... ఆగింది... మళ్లీ మొదలు. మీ దుర్భిణీ కంటే నా కళ్లే నయం, అటు చూడండి, విరిగిన కొమ్మ పక్కన."

ఎగతాళి అనుకుంటూనే అతను దుర్భిణీ ఎత్తాడు.

పసుపు గీత. పక్క కొమ్మ మీద ఇంకొకటి. మొదటిది ముక్కు ఇంత తెరిచింది. గొంతు కింద ఈకలు వణికాయి, ఒళ్లంతా కూతతో అదిరింది. చెవికి మాత్రం ఏమీ అందలేదు. లోయలో కోకిల వినబడుతోంది. ఎక్కడో గొడ్డలి దెబ్బ వినబడుతోంది. జసులీ ఊపిరి కూడా వినబడుతోంది. ముక్కు మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది.

ముసలితనం చెవిలోకి పైమెట్టు నుంచి దిగుతుంది. ముందు సన్నటి మోతలు పోతాయి. ఉరుము ఉంటుంది, పెళ్లి డోలు ఉంటుంది, తిట్లు శుభ్రంగా వినబడతాయి. అందుకే ఏదో పోయిందని మనిషికి తెలియదు. లోకంలోనే చప్పుడు తగ్గిందనుకుంటాడు. బచీ సింగ్ అడవి ఖాళీ అయిందనుకున్నాడు. ఖాళీ చేసినవాణ్ని వెతికాడు, వాడు దొరికాడు.

దుర్భిణీ దించేసరికి జసులీ అతని ముఖంలోకే చూస్తోంది. నవ్వు పోయింది.

"మీకు వినబడటం లేదు."

అతను దుర్భిణీ మళ్లీ కళ్లకు ఎత్తుకున్నాడు.

"అంటే... నిజమేనా?" అంది ఆమె. "ఆయన చెప్పేవాడు దాజ్యూ. గురువుగారి చెవి పోతోందే, గెస్టుల ముందు రెండుసార్లు గమనించా అని. మరి పంచాయతీలో నోరెందుకు విప్పలేదని పడతిట్టేదాన్ని. చెవి పోయిన గైడును ఎవడు పిలుస్తాడే, నాకింకా వయసుంది, ఎక్కడైనా బతుకుతా అనేవాడు. నేను నమ్మలేదు. మీ పేరెత్తడానికి భయపడి కథలు అల్లుతున్నాడనుకున్నా. బస్సెక్కేటప్పుడు పిరికిగొడ్డు అన్నా. ఆఖరిసారి ఫోన్లో కూడా అదే అన్నా."

బచీ సింగ్ దుర్భిణీ దించాడు. "ఎక్కడ గమనించాడట? ఏ చెట్టు దగ్గర?"

"నాకేం తెలుసు? ఏ చెట్టయితే ఏంటిప్పుడు?"

అతను జేబులో చెయ్యి పెట్టాడు. ఎడమ జేబులో బాంజ్ కాయలన్నీ అలాగే ఉన్నాయి. వాటిని బండ మీద కుప్పగా పోశాడు. వంగి మోపు ఎత్తాడు. ఆమె చుట్టకుదురు సర్దుకుంది. మోపు తల మీద కుదిరాక అతని చేతులు ఇంకాసేపు దాన్నే పట్టుకుని ఉండిపోయాయి.

"సంఘం ఇవాళే కదా బడి దగ్గర కూర్చునేది," అంది ఆకుల కిందనుంచి. "ఈ ఏడు లెక్క ఏమని చెబుతారు?"

అతను చొక్కాకు ఉన్న గైడు బిళ్ల ఊడదీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. ఆమెను దాటుకుని ముందుకు నడిచాడు. మోపు ఎత్తుకున్న మనిషికి తల ఎత్తడం కుదరదు, ఆమెకు తన మడమలు మాత్రమే కనిపిస్తాయని అతనికి తెలుసు.

"వెళ్తున్నానన్న మాటైనా చెప్పరా దాజ్యూ?"

మడమలు ఆగలేదు. బాట చీలిన చోట, ఇంటివైపు కాకుండా, బడివైపు తిరిగాయి.