తాడు పట్టిన చేతులు

మొన్న రియాద్‌లోని మలాజ్‌లో ఒక సేవాకేంద్రంలో మా అక్క భర్త వేలిముద్రలను యంత్రం ఏడోసారి కూడా కాదంది. ఇక తిరిగి రాకుండా ఇంటికెళ్లే ఫైనల్ ఎగ్జిట్ కావాలంటే బసమా, అంటే వేలిముద్ర, పడాలట. ఇన్నాళ్లూ వీసా పూచీపడ్డ కఫీల్ ఎలాగో నెట్టుకొచ్చాడు, ఇప్పుడాయన లేడు. వేళ్లు పాడైనట్టు ఆసుపత్రి కాగితమో, పాత రుజువో తెమ్మన్నాడు గుమాస్తా, మర్యాదగానే. నాకు ఒళ్లు మండిపోయింది, సగం నా మీదే.

మా తరం రియాద్ వచ్చిన కొత్తలో నేనొక దినపత్రిక డెస్కులో పనిచేస్తూ, శుక్రవారం పేజీకి పందొమ్మిదో శతాబ్దపు యుద్ధ బెలూన్ల మీద వ్యాసం రాశాను. అమెరికా అంతర్యుద్ధంలో హైడ్రోజన్ బెలూన్ బుట్టలో పైకెక్కి, దుర్భిణితో శత్రువుల గుడారాలు లెక్కపెట్టి, టెలిగ్రాఫ్ తీగ మీద కిందికి కబురు పంపినవాళ్లను పేరుపేరునా పొగిడాను గానీ, గాలికి కొట్టుకుపోకుండా దాన్ని కింద తాళ్లతో పట్టి నిలిపిన సిపాయిల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవన్న మాటైనా రాయలేదు.

ఆ వ్యాసం పక్కన వేయడానికి కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీ నుంచి ఈ కాలపు బెలూన్ ఫొటో వచ్చింది. అక్కడ సరిహద్దు కాసే బెలూన్‌కు తాడు పట్టేది మా బావే. పైఅధికారి ముదీర్ విజిల్ ఊదితేనే తాడు వదలాలన్నది వాళ్ల కట్టుబాటు. ఫొటో తీసిన రోజు ఇసుకగాలి లేచేసరికి ముదీర్ విజిల్ మరిచి జీపెక్కేశాడు. మిగతావాళ్లు వదిలేసినా బావ విజిల్ కోసం చూస్తూ ఉండిపోయాడు. జారిన తాడు అరచేతుల్నీ వేళ్లనీ ఒలిచేసింది. బెలూన్ దక్కింది. ఎవరికీ గాయాల్లేవని కంపెనీ రాసుకుంది.

ఫొటో అడుగున బావ, నెత్తురు చేతులతో, స్పష్టంగా ఉన్నాడు. చుట్టాన్ని పేజీకెక్కించానంటారేమోనని జంకి, చోటు చాలలేదన్న సాకుతో నేనే అడుగుభాగం కత్తిరించాను. అచ్చులో ఆకాశమూ బెలూనూ మాత్రమే మిగిలాయి.

ఈ సంగతి మొన్న కౌంటరు దగ్గరే బావకు చెప్పుకున్నాను. ఆయన నవ్వేశాడు.

"ఊరుకో బామ్మర్దీ! అప్పుడు బెలూన్ ఎగిరిపోకుండా నేను పట్టుకున్నాను, ఇప్పుడు నేను ఎగిరిపోకుండా ఈ మిషన్ పట్టుకుంది. దీనికైనా విజిల్ ఊదేవాడున్నాడేమో కనుక్కో."

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు బెలూన్లను మరలు దింపుతాయట, కెమెరాలు చూస్తాయట, తాడు పట్టే మనిషి అక్కర్లేదట. మంచిదే. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, మా పత్రికా మూతపడింది, ఫొటో అసలు ప్రతి ఎక్కడుందో చెప్పగలవారు లేరు. బావ దరఖాస్తు మీద మాత్రం ఈ ఉదయానికి కూడా ‘వేలిముద్రలు అందలేదు’ అనే ఉంది.