సుజాత ఫోన్ కనెక్ట్ అయింది

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నాకు తాగుడు అలవాటు లేదు. ఆ రాత్రి ఒంట్లో జ్వరం కూడా లేదు. దేవుడి మీద ఒట్టేసి చెబుదామంటే ఆయనకీ నాకూ ఈమధ్య మాటల్లేవు. అందుకని సుజాత మీద ఒట్టు. ఇది నా కళ్లతో నేను చూసింది.

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో నాకు జిరాక్స్ షాపు ఉంది. మా అన్నయ్యది కిరాణా. ఇల్లు మాత్రం ఒకటే. కింద నేనూ, నా భార్య సుజాతా. పైన అన్నయ్య వాళ్లు. మాకు పిల్లల్లేరు.

సుజాతకి ఫోటోలంటే పిచ్చి. దోసె బాగా వచ్చినా ఫోటోనే, మాడినా ఫోటోనే. ఆన్‌లైన్‌లో దాచుకునే చోటు నిండిపోయి, నెలనెలా డబ్బు కట్టమని ఫోన్ ఒకటే గోల. మన ఫోటోలకి మనం అద్దె కట్టడమేంటని నాకు ఒళ్లు మండింది. షాపులో మూలపడిన పాత కంప్యూటర్ తెచ్చి, కొత్త హార్డ్ డిస్క్ వేసి, వీడియోలు చూసి నేర్చుకుంటూ ఇంట్లోనే సర్వర్ పెట్టాను. పెద్ద మాటేగానీ అందులో ఏమీ లేదు. రాత్రింబగళ్లు ఆన్‌లో ఉండే కంప్యూటర్, అంతే. ఫోన్ మన వైఫైలోకి రాగానే అందులో ఉన్నవన్నీ వాటంతటవే దీనిలోకి ఎక్కిపోతాయి. మొదట్లో తెలియక అంతా చెరిపేసుకుని, తిట్టుకుని, మళ్లీ మొదలుపెట్టాను. బయటి వాళ్లెవరూ చొరబడకుండా, మా వైఫై దాటితే అది అసలు కనపడకుండా పెట్టాను. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి... ఫోన్ మా ఇంటి దగ్గర ఉంటేనే ఎక్కుతుంది. వీధి మలుపు తిరిగితే ఎక్కదు.

ఆ పెట్టెను మెట్ల కింద పెట్టాను. "ఏటండీ, నా సవతికి మేత ఏసీసినారా?" అని సుజాత నవ్వేది.

తర్వాత ఆమెకి జబ్బు చేసింది. ఏం జబ్బని అడక్కండి, చెప్పాలని లేదు. నిద్ర పట్టనప్పుడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఏదో మెల్లగా మాట్లాడి రికార్డు చేసుకునేది. నేను గదిలోకి వెళ్తే ఆపేసేది.

"ఏటది?" అన్నాను ఒకసారి.

"మీకే. ఇప్పుడు కాదు. నాను ఎల్లిపోయాక వరసగా ఇనండి. ఆఖర్ది ఆఖర్నే ఇనాల."

అవి కూడా సర్వర్‌లోకి ఎక్కేలా పెట్టాను. మొదటిది ఎక్కింది. అంతలోనే ఆమెకి ఊపిరి అందలేదు. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఫోన్ ఆమెతోనే వెళ్లింది. చివరికి ఫోన్ ఒక్కటే తిరిగొచ్చింది, ఛార్జింగ్ అయిపోయి, మందుల సంచీ అడుగున. మైల రోజుల్లో దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. బీరువాలో పెట్టాను.

పెద్దకర్మ రోజున శయ్యాదానం ఇచ్చాం. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, రాగి చెంబు, ఆమె చీరల సంచీ. శృంగవరపుకోట నుంచి వచ్చిన పంతులుగారు నా చేత సంకల్పం చెప్పించారు, నీళ్లు వదిలించారు. ఆయన వెళ్లిపోయాక బీరువా తెరిచాను. ఫోన్ లేదు.

"అన్నయ్యా, సుజాత ఫోనేదీ?"

"సీరల సంచీలో ఎట్టీసినాన్రా. ఆన్ సెయ్యకుండా ఫుల్లుగా చార్జింగ్ కూడా ఎక్కించి మరీ ఇచ్చీసినాను."

"నన్నడక్కుండా ఎలగిచ్చీసినావ్?"

"రోజూ సేత్తో పట్టుకున్న వస్తువురా అది. ఇంట్లో ఉంటే ఆ పిల్ల దాని సుట్టూరే తిరుగుతాది. దారి సూపించాలా, వద్దా?"

"ఎల్లి తెచ్చుకుంటాను."

"ఏటి తెచ్చుకుంటావు? నీ సేత్తోనే నీళ్లు వదిలీసినావు. ఇచ్చిన దానం తిరిగడిగితే పాపం నీకు కాదు... ఆ పిల్లకి తగుల్తాది."

ఆ ఒక్క మాటతో నా కాళ్లు కట్టేశాడు. ఫోన్‌ని దానమివ్వమని ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. ఆమె నాకోసం చెప్పిన మాటలు ఎవరి ఇంట్లోనో పడి ఉన్నాయని తలుచుకుంటే అన్నం సయించేది కాదు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గదు కూడా.

ఇక ఆ రాత్రి...

వాన. పెద్ద గాలి. కరెంటు పోయింది. కంప్యూటర్, దాని పక్కన వైఫై పెట్టె, రెండూ ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయి. దాన్ని ఆపమని అన్నయ్య ఎన్నిసార్లు చెప్పినా నేను ఆపలేదు. మెట్ల కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఊరికే. నిద్ర రాక.

డిస్క్ చప్పుడు చేసింది. కర్ర్... కర్ర్...

ఎవరూ ఏమీ పంపనప్పుడు అది చప్పుడు చేయదు. స్క్రీన్ వైపు చూశాను. ఆమె పేరు పక్కన పచ్చ చుక్క. "సుజాత ఫోన్ కనెక్ట్ అయింది."

ఎంత ఎక్కిందో చూపించే గీత కదులుతోంది... మెల్లగా. రెండోది ఎక్కింది. మూడోది మొదలైంది...

పంతులుగారే వచ్చారేమో అనుకున్నాను. ఆ ఫోన్ చేతిలో పట్టుకుని ఎవరైనా గేటు దగ్గర నిలబడ్డా చాలు, ఎక్కుతుంది. టార్చ్ తీసుకుని పరిగెత్తాను. గేటుకి గొళ్లెం వేసే ఉంది. రోడ్డు మీద మనిషి లేడు. నీళ్లు, అంతే. ఎదురింటి అరుగు మీద కుక్క పడుకుని ఉంది. తలెత్తి నన్ను చూసింది... మొరగలేదు.

లోపలికొచ్చాను. గీత ఇంకా కదులుతూనే ఉంది.

వైఫై పెట్టెకి ఒక పేజీ ఉంటుంది. ఏ ఫోన్‌కి సిగ్నల్ ఎంత అందుతోందో అందులో కనిపిస్తుంది. తెరిచాను. అందులో రెండే ఫోన్లు ఉన్నాయి. నాదీ... ఆమెదీ.

నాది నా చేతిలో ఉంది. వైఫై పెట్టె నా మోకాలి పక్కనే ఉంది.

ఆమె ఫోన్‌కి నాదానికన్నా ఎక్కువ సిగ్నల్ అందుతోంది.

అర్థమైందా? నా చేతిలో ఉన్నదానికన్నా... అదే దగ్గరగా ఉంది. ఆ మెట్ల కింద నేనూ, స్టూలూ, పెట్టెలూ తప్ప ఇంకేమీ పట్టదు. టార్చ్ వేసి మూలమూలా చూశాను. బూజు ఉంది. నా చెప్పులున్నాయి.

"సుజాతా..." అన్నాను.

డిస్క్ చప్పుడు ఆగిపోయింది.

వాన చప్పుడొక్కటే. ఎంతసేపో తెలీదు...

కర్ర్... మళ్లీ మొదలైంది.

నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ లేచి పోబుద్ధి కాలేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అని దణ్ణం పెడుతూ కూర్చున్నాను. ఒక్కొక్కటీ ఎక్కుతోంది. ఇక ఆఖరిదే మిగిలింది. అదీ సగం వరకు వచ్చింది.

"ఎవులితో మాటాడుతున్నావురా?"

అన్నయ్య. మెట్లు దిగి వచ్చాడు. వంగి స్క్రీన్ చూశాడు. ఆమె పేరు చదివాడు.

"ఆపీరా... బేగి ఆపీ! వచ్చీసింది!"

"అన్నయ్యా, ఒక్క నిమిషం. ఇదొక్కటే. నీ కాళ్లట్టుకుంటాను."

"పిచ్చా నీకు! పిలుస్తావేట్రా దాన్ని ఇంట్లోకి!"

నన్ను తోసేసి వైరు లాగేశాడు. ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగింది. చీకటి. ఆ చీకట్లో నేను మా అన్నయ్య మీద చెయ్యి చేసుకున్నాను. ఇందుకు నేను సిగ్గుపడటం లేదు.

మళ్లీ ఆన్ చేశాను. పచ్చ చుక్క లేదు. తెల్లారేదాకా చూశాను. రాలేదు.

పొద్దున్నే బస్సెక్కి శృంగవరపుకోట వెళ్లాను. తిరిగి ఇమ్మని అడగలేదు. ఫోన్ ఎక్కడుందని మాత్రమే అడిగాను. పంతులుగారు ఇబ్బందిగా చూశారు.

"ఆ సంచీ నా దగ్గిర లేదు బాబూ. మీ ఇంటి నుంచి వస్తన్నప్పుడే బస్సులో పోయింది. ఎవులట్టుకెల్లీసినారో."

అంటే అది ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. మా ఊళ్లోనే ఎవడైనా వాడుతుండొచ్చు. వానకి మా గోడ పక్కన నిలబడి ఉండొచ్చు. వైఫై పేజీ తప్పు చూపించి ఉండొచ్చు. నేనూ అలాగే అనుకుందామని చూస్తాను. మరి నేను పిలిస్తే ఎందుకు ఆగింది?

వచ్చిన రికార్డింగులు వరసగా విన్నాను. గ్యాస్ బుక్ చేయమంది. తన పట్టుచీర చెల్లెలికి ఇమ్మంది. బీపీ మాత్ర మానొద్దని తిట్టింది. సగమే వచ్చిన ఆఖరిదాన్ని నానా తంటాలు పడి తెరిచాను. అందులో ఆమె దగ్గు, తర్వాత కొంచెం నిశ్శబ్దం...

"ఇదే ఆఖర్ది. ఇన్నేళ్లూ మీకు సెప్పాలని సెప్పాలని ఉండిపోనాను. ఏటంటే..."

అంతే. అక్కడితో తెగిపోయింది.

ఆ రాత్రి వచ్చింది ఆమో, ఎవరో, నాకు తెలీదు. ఆమే అయితే అంత దూరం నుంచి నాకు ఆ మాట చెప్పడానికే వచ్చి ఉంటుంది. చెబుతుండగా మా వాళ్లే వైరు లాగేశారు.